కాలేజీ వీధిలో లాంగ్‌స్టన్ ఇల్లు: ఓబర్లిన్ తలుపులు ఎవరు తెరిచారు?

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ నగరానికి నైరుతిగా ఓబర్లిన్ అనే చిన్న ఊరు ఉంది. జనాభా ఎనిమిది వేల పైచిలుకు మాత్రమే. ఊరి మధ్యలో ఒక పెద్ద పచ్చిక మైదానం, దాని చుట్టూ ఒక కాలేజీ, రెండు మూడు వీధుల దుకాణాలు, ఆ తర్వాత పొలాలు. ఈ ఊళ్లో 207, ఈస్ట్ కాలేజీ వీధిలో రెండంతస్తుల చెక్క ఇల్లు ఒకటి ఉంది. 1856లో ఆ ఇంట్లోకి వచ్చి చేరినవాడు జాన్ మెర్సర్ లాంగ్‌స్టన్. ఆయన న్యాయవాది, నల్లజాతి నాయకుడు. అమెరికాలో ఓట్లతో పదవికి ఎన్నికైన తొలి నల్లజాతీయుల్లో ఒకడు. 1975లో ఆ దేశ ప్రభుత్వం ఈ ఇంటిని జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తించింది.

ఓబర్లిన్ గురించి రాసేవాళ్లు సాధారణంగా ఒక వాక్యంతో మొదలుపెడతారు. నల్లజాతి విద్యార్థులకూ, స్త్రీలకూ అందరికంటే ముందు తలుపులు తెరిచిన ఉదార కాలేజీ అది అంటారు. అందులో అబద్ధం లేదు. అయితే తలుపు దానంతటదే తెరుచుకోదు. ఎవరు తోశారు, ఏ షరతుల మీద తెరిచారు, లోపలికి వెళ్లినవాళ్లకు ఏం జరిగింది అని అడగాల్సింది మనమే. విశ్వవిద్యాలయాల్లో సీటు రావడం ఒక సంగతి, అక్కడ సమానంగా బతకడం ఇంకో సంగతి అని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకే లాంగ్‌స్టన్ ఇంటినుంచి మొదలుపెట్టి ఆ ఊరి స్మారకాలను ఒక్కొక్కటిగా చదివే ప్రయత్నం చేస్తున్నాం.

ఒక్క ఓటు తేడాతో

1833లో జాన్ జే షిఫర్డ్, ఫైలో స్టువర్ట్ అనే ఇద్దరు క్రైస్తవ ప్రచారకులు ఈ ఊరినీ కాలేజీనీ కలిపి స్థాపించారు. అప్పటికి అది అడవి. అంతకు ముందు మూలవాసుల నేల. 1805లో జరిగిన ఒక ఒప్పందంతో ఆ ప్రాంతం వాళ్ల చేతుల్లోంచి పోయింది. స్వేచ్ఛకు పేరుపడిన ఈ ఊరి పునాది కింద ఆ కథ కూడా ఉందని ముందే చెప్పుకోవాలి.

మొదటి ఏడాదిలో కాలేజీలో నల్లజాతి విద్యార్థులు లేరు. రెండేళ్లకే కాలేజీ డబ్బులేక మూతపడే స్థితికి వచ్చింది. సరిగ్గా అప్పుడే సిన్సినాటి నగరంలోని లేన్ సెమినరీలో ఒక తిరుగుబాటు జరిగింది. బానిసత్వం గురించి చర్చించకూడదని అక్కడి యాజమాన్యం ఆంక్ష పెట్టింది. విద్యార్థులు దాన్ని లెక్కచేయకుండా మూకుమ్మడిగా బయటికొచ్చేశారు. షిఫర్డ్ వాళ్లను ఓబర్లిన్‌కు పిలిచాడు. వాళ్లు వస్తామన్నారు, కానీ షరతులు పెట్టారు. మాట్లాడే స్వేచ్ఛ ఉండాలి. నల్లజాతి విద్యార్థులను చేర్చుకోవాలి. వాళ్ల పక్షాన న్యూయార్క్ వ్యాపారులైన టాపన్ సోదరుల డబ్బు కూడా ఉంది. షరతులు ఒప్పుకుంటేనే ఆ డబ్బు వస్తుంది.

1835 ఫిబ్రవరిలో ఓబర్లిన్ ట్రస్టీలు ఓటింగ్ జరిపారు. చెరి సగం చీలిపోయారు. అధ్యక్ష స్థానంలో ఉన్న జాన్ కీప్ తన ఓటు వేసి తీర్మానం గెలిపించాడు. అమెరికా ఉన్నత విద్యా చరిత్రలో పెద్ద మలుపు ఒకే ఒక్క ఓటు మీద ఆధారపడింది. కీప్ గొప్పవాడే. అయితే ఆ ఓటు వరకూ విషయాన్ని తీసుకొచ్చింది విద్యార్థుల తిరుగుబాటు, ఉద్యమం కట్టిన షరతు. మెరిట్ గురించీ సంప్రదాయం గురించీ పెద్ద పెద్ద మాటలు చెప్పే సంస్థలు ఎప్పుడు మారతాయో ఈ ఉదంతం చెబుతుంది.

ఆ ఏడాదే గిడియన్ లాంగ్‌స్టన్, చార్లెస్ లాంగ్‌స్టన్ అనే అన్నదమ్ములు అక్కడ చదువుకోవడానికి చేరారు. వాళ్ల తమ్ముడే జాన్. 1837లో నలుగురు స్త్రీలు డిగ్రీ కోర్సులో చేరారు. 1844లో జార్జ్ వాషన్ అక్కడ బి.ఎ. పట్టా అందుకున్న మొదటి నల్లజాతి విద్యార్థి అయ్యాడు. 1862లో మేరీ జేన్ ప్యాటర్సన్ అమెరికాలోనే బి.ఎ. పూర్తిచేసిన మొదటి నల్లజాతి స్త్రీగా నిలిచింది.

తెల్లవాడినని చెప్పుకోమన్నారు

జాన్ మెర్సర్ లాంగ్‌స్టన్ 1829 డిసెంబర్ 14న వర్జీనియాలో పుట్టాడు. తండ్రి రాల్ఫ్ క్వార్ల్స్ తెల్ల భూస్వామి. తల్లి లూసీ జేన్ లాంగ్‌స్టన్ ఆయన దగ్గర బానిసగా ఉండి విముక్తి పొందిన స్త్రీ. ఆమెలో ఆఫ్రికన్ రక్తమూ, అమెరికా మూలవాసుల రక్తమూ ఉన్నాయి. చట్టం వాళ్ల పెళ్లిని ఒప్పుకోదు. పిల్లలు తల్లి ఇంటిపేరే పెట్టుకున్నారు. 1834లో తల్లిదండ్రులిద్దరూ పోయారు. తండ్రి వీలునామాలో కొడుకులకు ఆస్తి రాశాడు. ఆ కాలపు నల్లజాతివాళ్లలో నూటికి ఎనభై ఐదుమందికి పైగా బానిసలుగానే ఉన్నారు. లాంగ్‌స్టన్‌కు వాళ్లకు లేని ఆధారం ఒకటి ఉండింది. దాన్ని దాచిపెట్టి ఆయన కథ చెప్పడం సరికాదు.

నాలుగేళ్ల పిల్లవాడు ఒహాయోకు చేరాడు. ఆ రాష్ట్రంలో బానిసత్వం లేదు. కానీ ‘బ్లాక్ లాస్’ అనే చట్టాలు ఉండేవి. నల్లజాతి మనిషి ఆ రాష్ట్రంలో స్థిరపడాలంటే తాను స్వతంత్రుడినని ధ్రువపత్రం చూపాలి. 500 డాలర్ల పూచీకత్తు ఇప్పించాలి. తెల్లవాడికి వ్యతిరేకంగా కోర్టులో సాక్ష్యం చెప్పకూడదు. బానిసత్వం లేని చోట కూడా నల్లవాళ్లను పౌరులుగా చూడకుండా ఉండడానికి చేసిన ఏర్పాటు ఇది. అంటరానితనం రద్దయిందని రాజ్యాంగంలో రాసుకున్నాక కూడా ఊరి బావి దగ్గర ఏం జరిగిందో తెలిసిన మనకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. చాలా పోరాటం తర్వాత 1849లో ఆ చట్టాల్లో ఎక్కువ భాగం రద్దయ్యాయి.

అదే 1849లో లాంగ్‌స్టన్ ఓబర్లిన్‌లో పట్టా తీసుకున్నాడు. లాయరు కావాలనుకున్నాడు. లా స్కూళ్లు చేర్చుకోలేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక లా స్కూలు యజమాని ఆయనకు ఒక ఉపాయం చెప్పాడు. ఒంటి రంగు లేతగానే ఉంది కదా, ఫ్రెంచివాడినో స్పెయిన్ దేశస్థుడినో అని చెప్పుకుని చేరిపొమ్మన్నాడు. లాంగ్‌స్టన్ ఒప్పుకోలేదు. ఇంటిపేరు మార్చుకుని, ఊరి పేరు దాచుకుని అద్దె ఇల్లు వెతుక్కునే మనవాళ్లకు ఈ సలహా కొత్తేమీ కాదు. ఆయన ఓబర్లిన్‌లో మతశాస్త్రం చదివి 1852లో ఎం.ఎ. చేశాడు. తర్వాత పక్కనున్న ఎలీరియా పట్టణంలో ఫైలిమన్ బ్లిస్ అనే న్యాయవాది దగ్గర కూర్చుని లా చదువుకున్నాడు.

1854లో పరీక్షకు వెళ్తే ఇంకో చిక్కు వచ్చింది. చట్ట పరిజ్ఞానంలో ఆయనకు లోటు లేదు. కానీ నల్లజాతివాడిని బార్‌లో చేర్చుకోవచ్చా? ఒహాయో కోర్టులు అంతకు ముందే ఒక సూత్రం తయారుచేసి పెట్టుకున్నాయి. సగం కంటే ఎక్కువ తెల్ల రక్తం ఉన్నవాడిని చట్టం దృష్టిలో తెల్లవాడిగా లెక్కించవచ్చన్నాయి. ఆ సూత్రం ఆసరాగా లాంగ్‌స్టన్‌ను బార్‌లో చేర్చుకున్నారు. ఒహాయోలో ఆయనే మొదటి నల్లజాతి లాయరు. కానీ ఆ గుర్తింపు ఇవ్వడానికి చట్టం ఆయన్ని ముందు తెల్లవాడిగా లెక్కగట్టాల్సి వచ్చింది. తాను ఎవరో దాచుకోవడానికి ఒప్పుకోని మనిషిని చట్టమే తన లెక్కల్లో మార్చి రాసుకుంది. హక్కు ఇస్తూనే ఆ హక్కు నీ జాతికి కాదని చెప్పే పద్ధతి అది.

టౌన్‌షిప్ క్లర్కు

అదే ఏడాది ఆయన ఓబర్లిన్‌లోనే చదివిన క్యారొలైన్ వాల్‌ను పెళ్లిచేసుకున్నాడు. ఊరికి దగ్గర్లోని బ్రౌన్‌హెల్మ్ అనే టౌన్‌షిప్‌లో పొలం కొన్నాడు. టౌన్‌షిప్ అంటే మన మండలం కంటే చిన్న పాలనా విభాగం. 1855 వసంతకాలంలో జరిగిన స్థానిక ఎన్నికల్లో బానిసత్వ వ్యతిరేక లిబర్టీ పార్టీ తరఫున అక్కడి క్లర్కు పదవికి నిలబడి గెలిచాడు. ఓటర్లంతా తెల్లవాళ్లే.

క్లర్కు పదవి చిన్నదనిపిస్తుంది. మన గ్రామ పంచాయతీ రాజకీయం తెలిసినవాళ్లకు అది చిన్నదిగా అనిపించదు. రికార్డులు ఎవరి చేతిలో ఉంటాయో, సమావేశంలో ఎవరు రాస్తారో, ఎవరి సంతకం చెల్లుతుందో, ఊరి అధికారం అక్కడే ఉంటుంది. దేశం మొత్తం మీద నలభై లక్షల మంది దాకా బానిసలుగా ఉన్న కాలంలో ఒక నల్లజాతి మనిషి సంతకంతో ఊరి కాగితాలు చెల్లాయి.

మరుసటి ఏడాది ఆయన ఓబర్లిన్‌కు వచ్చి ఈస్ట్ కాలేజీ వీధి ఇంట్లో చేరాడు. అక్కడినుంచే వకాల్తా నడిపాడు. అంతర్యుద్ధం వచ్చినప్పుడు మసాచుసెట్స్ 54వ, 55వ రెజిమెంట్లకూ, ఒహాయోలో ఏర్పడిన 5వ నల్లజాతి దళానికీ మనుషులను కూడగట్టాడు. 1864లో నల్లజాతి పౌరులకు సమాన హక్కులు, ఓటు కోరుతూ ఏర్పడిన నేషనల్ ఈక్వల్ రైట్స్ లీగ్‌కు అధ్యక్షుడయ్యాడు. యుద్ధం తర్వాత ఓబర్లిన్ పట్టణ కౌన్సిల్‌లోనూ, విద్యా బోర్డులోనూ పనిచేశాడు.

వెల్లింగ్టన్ హోటల్ మెట్లెక్కిన ఊరు

ఓబర్లిన్‌లో ఏ స్మారకాన్ని చూసినా 1858 సెప్టెంబర్ 13 దగ్గరికే వెళ్తాం.

1850లో అమెరికా కాంగ్రెస్ పరారీ బానిసల చట్టం చేసింది. ఉత్తరాది రాష్ట్రాల్లోకి పారిపోయి వచ్చినవాళ్లను పట్టి యజమానులకు అప్పగించాలని ఆ చట్టం చెబుతుంది. సాధారణ పౌరులు కూడా సాయం చేయాల్సిందే. అడ్డుపడితే వెయ్యి డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు. పట్టుబడినవాడికి తన తరఫున సాక్ష్యం చెప్పుకునే హక్కు లేదు. విచారణ చేసే కమిషనర్‌కు ఫీజు ఎలా ఉండేదో చూడండి. పట్టుబడిన మనిషిని బానిసేనని తేలిస్తే 10 డాలర్లు, కాదని వదిలేస్తే 5 డాలర్లు. అన్యాయాన్ని తీర్పులోనే కాకుండా జీతంలో కూడా పెట్టారు.

కెంటకీ నుంచి పారిపోయి వచ్చిన జాన్ ప్రైస్ అనే యువకుడు ఓబర్లిన్‌లో ఉంటున్నాడు. బానిసలను పట్టేవాళ్లు ఒక రైతు కొడుక్కి, పదమూడేళ్ల కుర్రాడికి, 20 డాలర్లు ఇచ్చి పని ఉందని ప్రైస్‌ను ఊరి బయటికి రప్పించారు. అక్కడ పట్టుకుని దక్షిణంగా ఉన్న వెల్లింగ్టన్ ఊరికి తీసుకుపోయారు. రైలు వచ్చేదాకా హోటల్ గదిలో బంధించారు. కబురు ఓబర్లిన్ చేరింది. దుకాణాలవాళ్లు, వడ్రంగులు, విద్యార్థులు, ప్రొఫెసర్లు, నల్లవాళ్లు, తెల్లవాళ్లు బళ్ల మీద, గుర్రాల మీద, కాలినడకన వెల్లింగ్టన్ చేరి హోటల్‌ను చుట్టుముట్టారు. సాయంత్రానికి లోపలికి చొరబడి ప్రైస్‌ను బయటికి తెచ్చారు. తర్వాత కాలేజీ అధ్యక్షుడైన జేమ్స్ ఫెయిర్‌చైల్డ్ ఇంట్లో కొన్నాళ్లు దాచి కెనడా పంపించారు.

ప్రభుత్వం 37 మంది మీద కేసులు పెట్టింది. వాళ్లలో 12 మంది నల్లజాతివాళ్లు. విచారణ దాకా వెళ్లింది ఇద్దరి మీదే. ఒకరు తెల్లవాడైన సిమియన్ బుష్‌నెల్. రెండోవారు చార్లెస్ లాంగ్‌స్టన్, జాన్ అన్న. జాన్ ఆ రోజు ఊళ్లో లేడు. శిక్ష వేసేముందు ఏమైనా చెప్పుకోవాలా అని జడ్జి అడిగినప్పుడు చార్లెస్ చేసిన ప్రసంగం ఆ కాలంలో దేశమంతా చదివింది. ఈ గదిలో జడ్జి, జ్యూరీ, ప్రాసిక్యూటర్లు, చివరికి నా వకీళ్లు కూడా నా రంగు మీద ఉన్న ద్వేషం నిండిన సమాజంలోంచి వచ్చినవాళ్లే, ఇది నా సాటివాళ్ల ముందు జరిగిన విచారణ కాదు అని ఆయన వాదించాడు. మళ్లీ అలాంటి పరిస్థితి వస్తే మళ్లీ అదే పని చేస్తానని కూడా చెప్పాడు. జడ్జి శిక్ష తగ్గించాడు. బుష్‌నెల్‌కు 60 రోజుల జైలు, 600 డాలర్ల జరిమానా వేసిన కోర్టు చార్లెస్‌కు 20 రోజులు, 100 డాలర్లతో సరిపెట్టింది.

మిగతావాళ్లలో చాలామంది బెయిలు తీసుకోకుండా క్లీవ్‌లాండ్ జైల్లోనే ఉండిపోయారు. లోపలినుంచే ‘రెస్క్యూయర్’ అనే పత్రిక అచ్చువేశారు. ఇటు ఒహాయో అధికారులు బానిసలను పట్టేవాళ్ల మీదే కిడ్నాప్ కేసు పెట్టారు. చివరికి రాజీ కుదిరి 1859 జులైలో అందరూ విడుదలయ్యారు. ఊరు వాళ్లను ఫస్ట్ చర్చికి ఊరేగింపుగా తీసుకొచ్చింది. 1844లో పూర్తయిన ఆ ఇటుకల చర్చి ఇప్పటికీ పచ్చిక మైదానం పక్కనే ఉంది.

పార్కులో ముగ్గురి పేర్లు

ఆ ఊరిలోని మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ పార్కులో ఒక పాలరాతి స్తంభం ఉంది. దాని మీద షీల్డ్స్ గ్రీన్, జాన్ కోప్లాండ్, లూయిస్ షెరిడన్ లియరీ అనే పేర్లు ఉన్నాయి. 1859 అక్టోబర్‌లో జాన్ బ్రౌన్ నాయకత్వంలో హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారం మీద జరిగిన దాడిలో పాల్గొన్న నల్లజాతి యోధులు వాళ్లు. లియరీ గుర్రపు జీనులు తయారుచేసేవాడు. కోప్లాండ్ వడ్రంగి, కొంతకాలం ఓబర్లిన్‌లో చదువుకున్నాడు. ఇద్దరూ ఓబర్లిన్ నివాసులే, వెల్లింగ్టన్ విముక్తిలో ఉన్నవాళ్లే. దాడిలో లియరీ తూటాలకు చనిపోయాడు. కోప్లాండ్‌ను, గ్రీన్‌ను డిసెంబర్ 16న ఉరితీశారు.

కోప్లాండ్ తల్లిదండ్రులు కొడుకు శవాన్ని తెచ్చుకోవాలనుకున్నారు. నల్లవాళ్లు వర్జీనియాలో అడుగుపెట్టే పరిస్థితి లేదు. ఓబర్లిన్ ప్రొఫెసర్, రాష్ట్ర శాసనసభ్యుడు జేమ్స్ మన్రో వాళ్ల తరఫున వెళ్లాడు. వించెస్టర్ మెడికల్ కాలేజీ విద్యార్థులు అప్పటికే ఆ శవాన్ని కోతకు తీసుకుపోయారు. ఇవ్వనన్నారు. మన్రో ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. క్రిస్మస్ రోజున ఫస్ట్ చర్చిలో శవం లేకుండానే సంస్మరణ జరిపారు. 1865లో ఊరి శ్మశానవాటికలో ఈ స్తంభం నిలబెట్టారు. 1970లలో దాన్ని పార్కుకు తెచ్చారు. చంపిన తర్వాత శవాన్ని కూడా దక్కనివ్వకపోవడం ఏమిటో ఈ దేశంలో మనం ఎన్నోసార్లు చూశాం. ఆ స్తంభం సమాధి కాదు. సమాధి దక్కకుండా చేసినందుకు సమాధానం.

లియరీ భార్య మేరీ తర్వాత చార్లెస్ లాంగ్‌స్టన్‌ను పెళ్లాడింది. వాళ్ల మనవడే మహాకవి లాంగ్‌స్టన్ హ్యూస్. కన్సాస్‌లోని లారెన్స్‌లో అమ్మమ్మ దగ్గర పెరిగిన ఆ పిల్లవాడు ఈ కథలన్నీ ఆమె నోటే విన్నాడు.

ఎడ్మోనియా లూయిస్‌కు ఏం జరిగింది

ఇంతవరకు చదివితే ఓబర్లిన్ స్వర్గంలా అనిపిస్తుంది. 1862 జనవరిని కూడా చూడాలి.

తండ్రి వైపు నల్లజాతి, తల్లి వైపు ఒజిబ్వే మూలవాసి అయిన ఎడ్మోనియా లూయిస్ ఓబర్లిన్‌లో విద్యార్థిని. జాన్ కీప్ ఇంట్లో ఉండేది. అవును, 1835లో తలుపు తెరిచిన ఓటు వేసిన ఆ కీప్ ఇంట్లోనే. అదే ఇంట్లో ఉండే ఇద్దరు తెల్ల అమ్మాయిలకు ద్రాక్షసారాలో విషం కలిపి ఇచ్చిందని ఆమె మీద ఆరోపణ వచ్చింది. కేసు విచారణకు రాకముందే ఒక రాత్రి గుర్తుతెలియని మూక ఆమెను ఎత్తుకుపోయి, కొట్టి, చలిలో పొలంలో పడేసి పోయింది. కొట్టినవాళ్ల మీద ఏ కేసూ నడవలేదు. కొట్టించుకున్న అమ్మాయి ముద్దాయిగా కోర్టు ముందుకు వచ్చింది.

ఆమె తరఫున వాదించింది జాన్ లాంగ్‌స్టన్. విషం ఇచ్చారనడానికి వైద్య పరీక్షతో తేల్చిన ఆధారమేదీ లేదని చూపించాడు. కోర్టు కేసు కొట్టేసింది. అయినా వేధింపు ఆగలేదు. మరుసటి ఏడాది దొంగతనం నింద వేశారు. అది కూడా రుజువు కాలేదు. కానీ చివరి టర్ముకు ఆమెను చేరనివ్వలేదు. పట్టా లేకుండానే ఆమె ఊరు వదిలింది. బోస్టన్ మీదుగా రోమ్ వెళ్లి ప్రపంచం గుర్తించిన శిల్పి అయింది. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో పెట్టిన ఆమె ‘క్లియోపాత్రా మరణం’ శిల్పం ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. ఓబర్లిన్ ఆమెకు పట్టా ఇచ్చింది 2022లో. ఆమె చనిపోయి నూరేళ్లు దాటాక.

ఈ కథ మినహాయింపు కాదు. 1880లలో నల్లజాతి అమ్మాయిలతో ఒకే బల్ల దగ్గర భోంచేయమని కొందరు తెల్ల విద్యార్థినులు గొడవ చేశారు. 1884లో అక్కడే పట్టా తీసుకున్న మేరీ చర్చ్ టెరెల్ దేశంలోనే పేరున్న నల్లజాతి స్త్రీ నాయకురాలైంది. ఆమె కూతుళ్లు 1910లలో అక్కడ చదవడానికి వెళ్తే హాస్టల్ విషయంలో రంగు వివక్ష ఎదురైంది. తాను చదివినప్పటికంటే కాలేజీ వెనక్కి పోయిందని ఆమె నిలదీసింది. 2018లో కాలేజీ ప్రధాన గ్రంథాలయానికి ఆమె పేరు పెట్టారు. అడ్మిషన్ హక్కు ఒకసారి గెలిస్తే సరిపోదు. మెస్సులో, హాస్టల్లో, ల్యాబులో, వైవాలో దాన్ని ప్రతి తరమూ మళ్లీ గెలవాల్సి వస్తోంది.

ఓబర్లిన్ దాటి

లాంగ్‌స్టన్ తర్వాత వాషింగ్టన్ వెళ్లాడు. హోవర్డ్ విశ్వవిద్యాలయంలో లా విభాగాన్ని నిర్మించి దానికి మొదటి డీన్ అయ్యాడు. తనను చేర్చుకోని లా స్కూళ్లకు ఆయన ఇచ్చిన జవాబు అది. అక్కడ 1872లో పట్టా తీసుకున్న షార్లట్ రే అమెరికాలో మొదటి నల్లజాతి స్త్రీ లాయరు. 1933లో అక్కడే చదువు పూర్తిచేసిన థర్‌గుడ్ మార్షల్, బడుల్లో జాతి వేర్పాటును కొట్టేసిన 1954 బ్రౌన్ కేసును వాదించాడు. 1873లో హోవర్డ్‌కు తాత్కాలిక అధ్యక్షుడైన లాంగ్‌స్టన్‌కు పూర్తి పదవి ఇవ్వడానికి ట్రస్టీలు ఒప్పుకోలేదు. 1875లో రాజీనామా చేశాడు. నల్లజాతి విశ్వవిద్యాలయానికి మొదటి నల్లజాతి అధ్యక్షుడు రావడానికి 1926 దాకా ఆగాల్సి వచ్చింది.

1873 సంవత్సరం మనకు ఇంకో విధంగా తెలుసు. ఆ ఏడాదే మహారాష్ట్రలో జోతిరావు ఫూలే సత్యశోధక్ సమాజ్ పెట్టాడు, ‘గులాంగిరి’ ప్రచురించాడు. ఆ పుస్తకాన్ని నల్లజాతి బానిసలకు విముక్తి కలిగించిన అమెరికా ప్రజలకు అంకితం చేశాడు. ఆ అంకితంలోని ప్రజలెవరో ఓబర్లిన్ చూస్తే అర్థమవుతుంది. వాళ్లు వెల్లింగ్టన్ హోటల్ మెట్లెక్కిన వడ్రంగులు, జీనులు కుట్టేవాళ్లు, జైల్లో పత్రిక అచ్చేసినవాళ్లు. విముక్తి దానంగా వచ్చిందని కాకుండా పోరాడి తెచ్చుకున్నారని తెలిస్తే ఆ అంకితం ఇంకా పదునుగా కనిపిస్తుంది.

లాంగ్‌స్టన్ ఎనిమిదేళ్లు హైతీలో అమెరికా రాయబారిగా ఉన్నాడు. 1888లో సొంత రాష్ట్రం వర్జీనియా నుంచి కాంగ్రెస్‌కు పోటీచేశాడు. సొంత రిపబ్లికన్ పార్టీ పెద్దలే ఆయనకు వ్యతిరేకంగా ఇంకొకరిని నిలబెట్టారు. ఓట్ల లెక్కలో మోసం జరిగిందని ఆయన సవాలు చేశాడు. దాదాపు రెండేళ్లు నలిగి 1890 సెప్టెంబర్ 23న సభ ఆయన గెలుపును గుర్తించింది. 1891 మార్చి 3తో పదవీకాలం అయిపోయింది. రెండేళ్ల పదవిలో ఆయనకు దక్కింది ఆరు నెలలు కూడా కాదు. 1902లో వర్జీనియా కొత్త రాజ్యాంగం పోల్ టాక్సుతో, చదువు పరీక్షలతో నల్లజాతి ఓటును తుడిచిపెట్టింది. ఆ రాష్ట్రం నుంచి మరో నల్లజాతి ప్రతినిధి కాంగ్రెస్‌కు ఎన్నికైంది 1992లో. మధ్యలో నూరేళ్లు. లాంగ్‌స్టన్ 1897లో చనిపోయాడు.

ఏ ఇల్లు మ్యూజియం అవుతుంది?

కోప్లాండ్ శవం కోసం వెళ్లిన జేమ్స్ మన్రో తర్వాత పదేళ్లు కాంగ్రెస్ సభ్యుడిగా పనిచేశాడు. ఆయన ఇల్లు కూడా ఓబర్లిన్‌లో ఉంది. 1866లో కట్టిన ఆ ఇటుకల ఇంటిని 1960లో ఇప్పుడున్న చోటికి తరలించి మరీ కాపాడారు. ఓబర్లిన్ హెరిటేజ్ సెంటర్ దాన్ని మ్యూజియంగా నడుపుతోంది. నల్ల, తెల్ల పిల్లలు కలిసి చదివిన 1830ల నాటి చిన్న బడి కూడా దాని పక్కనే ఉంది.

లాంగ్‌స్టన్ ఇల్లు చాలాకాలంగా ప్రైవేటు నివాసంగానే ఉంటూ వచ్చింది. వెల్లింగ్టన్ విముక్తిలో పాల్గొన్న నల్లజాతి వడ్రంగి విల్సన్ బ్రూస్ ఎవాన్స్ ఇల్లు 1856 నాటిది. దాన్ని జాతీయ చిహ్నంగా గుర్తించింది 1997లో. మన్రో మంచి మనిషి, ఆయన ఇల్లు నిలబడాల్సిందే. అయితే స్నేహితుడి ఇల్లు ముందు మ్యూజియం కావడం, పోరాడినవాళ్ల ఇళ్లు తర్వాత గుర్తుకు రావడం అమెరికాలోనే జరిగే సంగతి కాదు.

ఊరి మధ్య మైదానం అంచున 1903లో కట్టిన తోరణం ఒకటి ఉంది. 1900లో చైనాలో బాక్సర్ తిరుగుబాటులో చనిపోయిన మిషనరీలకు అది స్మారకం. ఆ గొడవల్లో చనిపోయిన చైనీయుల మాట దాని మీద లేదు. దశాబ్దాల తరబడి విద్యార్థులు ఆ లోపాన్ని ఎత్తిచూపాక వాళ్లను తలుచుకునే ఫలకం వచ్చింది. తోరణం కింద నుంచి నడవకుండా పక్కనుంచి వెళ్లిన విద్యార్థుల తరాలు ఉన్నాయి. స్మారకం అంటే రాయి మాత్రమే కాదు, దాని చుట్టూ జరిగే వాదన కూడా.

రాజగృహ మీద దాడి జరిగినప్పుడు, లండన్‌లో బాబాసాహెబ్ ఉన్న ఇంటిని మ్యూజియం చేయడానికి స్థానిక కౌన్సిల్ అనుమతి కోసం తిప్పలు పడినప్పుడు మనకూ ఇదే అర్థమైంది. ఇల్లు అంటే ఒక మనిషి అక్కడ చదివాడు, రాశాడు, ఊరి మధ్యలో తలెత్తుకుని బతికాడు అనడానికి సాక్ష్యం. ఊరి చివరకు నెట్టిన జాతికి ఆ సాక్ష్యం విలువ ఏమిటో వేరే చెప్పాలా?

ఇప్పుడు మన తెలుగు పిల్లలు వేలల్లో అమెరికా కాలేజీ ఊళ్లకు వెళ్తున్నారు. వాళ్లతోపాటు కులం కూడా విమానం ఎక్కింది. 2019లో బ్రాండైస్ విశ్వవిద్యాలయం, 2022లో కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయ వ్యవస్థ తమ వివక్ష నిషేధ నియమాల్లో కులాన్ని చేర్చాయి. 2023లో సియాటెల్ నగరం చట్టం చేసింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నర్ తిప్పికొట్టాడు. ఈ లెక్కలో గెలుపులూ ఉన్నాయి, ఓటమీ ఉంది. గెలిచిన ప్రతి చోటా ముందు విద్యార్థులో, ఉద్యోగులో కూడగట్టుకుని షరతు పెట్టారు. 1835లో లేన్ విద్యార్థులు చేసిందీ అదే.

ఒహాయో వైపు వెళ్లేవాళ్లు ఓబర్లిన్‌లో ఒక పూట ఆగండి. 1965లో మార్టిన్ లూథర్ కింగ్ పట్టభద్రుల ముందు ప్రసంగించిన మైదానం చూడండి. నేలలోంచి పైకి లేచే రైలు పట్టాల శిల్పం చూడండి. పారిపోయి వచ్చినవాళ్లను కెనడాకు దాటించిన రహస్య మార్గానికి అది గుర్తు. పార్కులో ఆ ముగ్గురి పేర్లు పైకి చదవండి. ఆ తర్వాత కాలేజీ వీధికి వెళ్లి 207 నంబరు ఇంటి ముందు కాసేపు నిలబడండి. మీరు చదివే కాలేజీలో తలుపు ఎవరు తోశారో, లోపల ఇంకా ఏ తలుపులు మూసి ఉన్నాయో తిరిగొచ్చాక ఆరా తీయండి.